‘ఫోర్ లయన్స్’: టెర్రరిస్టుల మూర్ఖత్వం మీద తీసిన కామెడీ సినిమా

‘ఫోర్ లయన్స్’ 2010లో వచ్చిన బ్రిటిష్ సినిమా. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉండే కొందరు ముస్లిం యువకులు ఆత్మాహుతి దాడి చేయాలని ప్లాన్ వేస్తారు. ఏ పనీ సరిగ్గా చేతకాదు. సినిమా అంతా ఆ చేతకానితనం మీదే నడుస్తుంది. జిహాద్ పేరుతో జరిగే హింస మీద కామెడీ ఏంటని మన ఇళ్లల్లో చాలామందికి అనిపించడం సహజం. అందుకే ఇందులో ఏముందో, నవ్వు ఎవరి మీదో తెలుసుకోవడం మంచిది.

కథ ఏమిటి?

ఒమర్ ఒక షాపింగ్ సెంటర్‌లో సెక్యూరిటీ గార్డు. భార్య సోఫియా నర్సు, ఒక చిన్న కొడుకు. చూడ్డానికి నవ్వుతూ తిరిగే మామూలు కుటుంబం. అతని స్నేహితుడు వాజ్ ఎవరు ఏం చెబితే అది నమ్మేస్తాడు. బ్యారీ కొత్తగా ఇస్లాం స్వీకరించిన తెల్లజాతి మనిషి, అందరికంటే ఎక్కువ అరుస్తాడు. ఫైసల్ కాకులతో బాంబులు మోయించాలని చూస్తాడు. హసన్‌ను బ్యారీ తర్వాత చేర్చుకుంటాడు.

ఒమర్, వాజ్ ట్రైనింగ్ కోసం పాకిస్తాన్ వెళ్తారు. అక్కడ ఒమర్ రాకెట్ లాంచర్‌ను వెనక్కి తిప్పి పట్టుకుని సొంత వాళ్ల మీదకే పేలుస్తాడు. తిరిగొచ్చాక దేన్ని పేల్చాలన్నదే పెద్ద గొడవ. మస్జిద్‌ని పేల్చేద్దాం, అప్పుడు ముస్లింలందరూ రెచ్చిపోయి మనతో వస్తారు అంటాడు బ్యారీ. చివరికి లండన్ మారథాన్‌లో రకరకాల వేషాల్లో పరుగెత్తేవాళ్ల మధ్య బాంబులు దాచుకుని వెళ్తారు. ఐదుగురిలో ఒక్కడూ మిగలడు. వాళ్లతో పాటు ఏ పాపం తెలియని వాళ్లూ పోతారు. అక్కడికొచ్చేసరికి ప్రేక్షకుడికి నవ్వు ఆగిపోతుంది.

తీసింది ఎవరు?

దర్శకుడు క్రిస్ మోరిస్. బ్రిటన్‌లో టీవీ, రేడియో వ్యంగ్య కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్నాడు. సినిమాకు దర్శకుడిగా ఇదే మొదటిది. జెస్సీ ఆర్మ్‌స్ట్రాంగ్, శామ్ బెయిన్‌లతో కలిసి రాశాడు. అంతకుముందు సుమారు మూడేళ్లు పోలీసులు, టెర్రరిజం నిపుణులు, ఇమామ్‌లు, మామూలు ముస్లింలతో మాట్లాడాడు. గ్వాంటనామో జైల్లో ఉండి వచ్చిన మొఅజ్జం బేగ్‌కు స్క్రిప్ట్ ముందే పంపి, ముస్లింలను నొప్పించే విషయాలు ఉన్నాయేమో అడిగాడు.

ఈ ఆలోచనకు ఒక నిజ సంఘటన కూడా కారణం. 2000 జనవరిలో యెమెన్‌లోని ఏడెన్ ఓడరేవులో ఒక అమెరికా యుద్ధనౌకను పేల్చాలని కొందరు పడవలో పేలుడు పదార్థాలు నింపారు. బరువు ఎక్కువై పడవే మునిగిపోయింది. వింటే నవ్వొస్తుంది. కానీ అదే ఏడాది అక్టోబర్‌లో అదే ఓడరేవులో ‘కోల్’ అనే నౌక మీద దాడి జరిగి 17 మంది నావికులు చనిపోయారు. తెలివితక్కువ వాళ్లు ప్రమాదకరం కాదనుకోవడం పొరపాటని సినిమా చెప్పేదీ ఇదే.

డబ్బు, విడుదల

బీబీసీ, చానెల్ 4 మొదట ఈ ప్రాజెక్టును వద్దన్నాయి. ఒక దశలో మోరిస్ అభిమానుల నుంచి చిన్న మొత్తాల్లో చందాలు కూడా అడిగాడు. చివరికి వార్ప్ ఫిల్మ్స్, ఫిల్మ్4 నిర్మించాయి. 2010 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో తొలి ప్రదర్శన, మే 7న బ్రిటన్‌లో విడుదల. మొదటి వారాంతంలో 115 థియేటర్లలోనే సుమారు 6 లక్షల పౌండ్లు వసూలైంది. తొలి సినిమాకు ఇచ్చే బాఫ్టా అవార్డు మోరిస్‌కు దక్కింది.

నవ్వు ఎవరి మీద?

ఇక్కడ అహ్మద్ పాత్రను జాగ్రత్తగా చూడాలి. ఒమర్ అన్న అహ్మద్ గడ్డం, టోపీతో దీన్‌ను గట్టిగా పాటించే మనిషి. పరాయి స్త్రీ ఉన్న గదిలోకి కూడా రాడు. అతని పద్ధతుల మీద కూడా సినిమా జోకులు వేస్తుంది, అవి కొందరికి నచ్చకపోవచ్చు. కానీ హింస తప్పని, ఇస్లాం దీన్ని ఒప్పుకోదని తమ్ముడికి చెప్పేది అతనే. అయినా పోలీసులు పట్టుకెళ్లేది అహ్మద్‌నే. గడ్డం లేకుండా, పిల్లాడికి ‘లయన్ కింగ్’ కథలు చెప్పే ఒమర్ మీద ఎవరికీ అనుమానం రాదు. వేషం చూసి మనిషిని అంచనా వేసే వ్యవస్థకు ఇది గట్టి దెబ్బ.

మారథాన్ సీన్లో పోలీసులు తప్పు మనిషిని కాల్చేస్తారు. ఇదీ గాలిలోంచి పుట్టింది కాదు. 2005 జూలై 7న లండన్ దాడుల్లో 52 మంది చనిపోయారు. రెండు వారాల తర్వాత జూలై 22న స్టాక్‌వెల్ స్టేషన్‌లో ఏ సంబంధమూ లేని బ్రెజిల్ యువకుణ్ణి టెర్రరిస్టు అనుకుని పోలీసులు కాల్చి చంపారు.

అభ్యంతరాలు

జూలై 7 దాడుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న వారిలో కొందరు ఈ సినిమాను వ్యతిరేకించారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగినదే. రెండో అభ్యంతరం మనది: ముస్లిం కనిపిస్తే మళ్లీ బాంబేనా?

ఒమర్‌గా నటించిన రిజ్ అహ్మద్ కూడా తర్వాత ఇదే ప్రశ్న లేవనెత్తాడు. 2017లో బ్రిటన్ పార్లమెంటు భవనంలో అతను చేసిన ప్రసంగం స్ఫూర్తితో ‘రిజ్ టెస్ట్’ పుట్టింది. సినిమాలో ముస్లిం పాత్రకు టెర్రరిజంతో సంబంధం ఉందా, కారణం లేని కోపం ఉందా, వెనకబడిన మనిషిగా చూపారా వంటి ఐదు ప్రశ్నలు అందులో ఉంటాయి. ఒక్కదానికి అవునన్నా సినిమా ఫెయిల్. ఆ లెక్కన ‘ఫోర్ లయన్స్’ మొదటి ప్రశ్న దగ్గరే ఫెయిల్ అవుతుంది. అయితే అందులో నవ్వు దీన్ మీద ఉందా, దీన్ పేరు వాడుకునే వాళ్ల మీద ఉందా అన్నది ఆ టెస్ట్ అడగదు. అది చూసేవాళ్లే తేల్చుకోవాలి. రిజ్ 2021లో ఆస్కార్ ఉత్తమ నటుడి విభాగంలో నామినేట్ అయిన మొదటి ముస్లిం. 2022లో ‘ద లాంగ్ గుడ్‌బై’ షార్ట్ ఫిల్మ్‌కు ఆస్కార్ గెలిచాడు.

తల్లిదండ్రులకు

బ్రిటన్‌లో దీనికి 15 ఏళ్లు నిండినవారికే అనుమతి. బూతులు చాలా ఎక్కువ. చిన్నపిల్లలు ఉన్నప్పుడు పెట్టొద్దు. కాలేజీ వయసు పిల్లలతో చూస్తే మాత్రం మాట్లాడుకోవడానికి చాలా ఉంది. వాజ్‌కు సొంతంగా తెలిసింది ఏమీ లేదు, స్నేహితుడు చెప్పిందే వేదం. బ్యారీకి కోపం తప్ప ఇల్మ్ లేదు. సోఫియాకు భర్త ప్లాన్ తెలిసినా ఆపదు. అందరికంటే ఎక్కువ ఆలోచింపజేసేది ఆమే. ఇంట్లో ఒకరు దారి తప్పుతున్నారని తెలిస్తే ఎవరు అడగాలి, ఎలా అడగాలి, ఏ ఆలిమ్ దగ్గరికి తీసుకెళ్లాలి అన్నది సినిమా అయ్యాక పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.