గానగోష్ఠి - గాయకుని యాతిథ్యము

సంగీతచరిత్రము వ్రాయువారు గాయకుల పేళ్లను, వారిని పోషించిన ప్రభువుల పేళ్లను, వారి రచనల సంఖ్యను తెలిపి విరమించుట సామాన్యము. పాట యెచ్చట పాడబడెను, ఎవరు పిలువగా నెవరు వచ్చిరి, ఒక కీర్తనకును మఱియొక కీర్తనకును నడుమ నేమి ముచ్చటించుకొనిరి యను విషయములకు చరిత్రమున జోటు దొరకుట యరుదు. అయినను విచారింపగా నీ ప్రశ్నలే ముఖ్యములని తోచును. ఆస్థానమునందు ప్రభువు గృహస్థు, గాయకుడతిథి. గోష్ఠియందు గాయకుడే గృహస్థు, శ్రోత యతిథి. ఈ వ్యత్యాసమువలన పాట నిడివియు, వరుసయు, దానిచుట్టు నల్లుకొను సంభాషణమును సర్వము మాఱును. ఆంధ్రదేశమున, అందును కృష్ణామండలమున, సంగీతవిద్య నిలుచుటకు గాయకుని యీ యాతిథ్యము ప్రధానకారణములలో నొకటియని నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

తిరువూరు సీమను దీనికి దొలుత నుదాహరణముగా గైకొనవచ్చును. పూర్వము కృష్ణామండలమునను, 2022 సంవత్సరము మొదలు ఎన్.టి.ఆర్. జిల్లాలోను జేరియున్న యీ పట్టణము తెలంగాణపు సరిహద్దున నున్నది. చెన్నపురి రాజధాని నాటి దినములలో నిచ్చటనే యాంగ్లేయుల యేలుబడి ముగిసి నైజాము రాజ్యము మొదలగుచుండెను. విజయవాడనుండి భద్రాచలమునకు బోవు బాట తిరువూరు మీదుగా సాగును. ఉత్తరమున భద్రాచలమును, పశ్చిమమున రామదాసుగా బ్రసిద్ధుడైన కంచర్ల గోపన్న జన్మస్థానమగు నేలకొండపల్లియు. దక్షిణమున క్షేత్రయ్యగారి మువ్వయు, భాగవతుల కూచిపూడియు. ఇట్టి నాలుగు గానక్షేత్రముల నడుమ నున్న సీమ యిది. రాజకీయపు సరిహద్దు పాటకు సరిహద్దు కాలేదు. గోల్కొండ చెరసాలలో బాధపడిన రామదాసు కీర్తనలు ఆ రాజ్యపు టెల్లలు దాటి, తెలుగువా రుండు ప్రతి గ్రామమున భజనగోష్ఠులకు బ్రాణమయ్యెను.

భజనగోష్ఠి స్వరూప మెట్టిది? దీపము పెట్టినపిదప రామమందిరమునందో, ఒకరి యింటి యరుగుమీదనో పదుగురు గూడుదురు. తాళములు, మృదంగము, తంబుర యున్న దంబుర. ఒకడు పల్లవి నెత్తుకొనగా దక్కినవా రందుకొందురు. ఇచ్చట వినువాడు వేఱు, పాడువాడు వేఱు కాడు. చరణము ముగిసినప్పుడు తెలిసినవాడు దాని యర్థము చెప్పును, తెలియనివా డడుగును. అక్షరము రానివానికి సయితము కీర్తనార్థ మిట్లు కరతలామలకమయ్యెను. గ్రామమునకు బాఠశాల రాకపూర్వ మిదియే సంగీతమునకును, పురాణమునకును, భాషకును బాఠశాల.

ఈ పద్ధతిని శాస్త్రీయసంగీతమున బరమావధికి గొనిపోయినవాడు త్యాగరాజస్వామి (1767-1847). తంజావూరి ప్రభువు పిలుపును నిరాకరించి, ఉంఛవృత్తితో జీవించి, తిరువయ్యాటి తన యింటనే శిష్యులను జేర్చుకొని పాడెనని సంప్రదాయము చెప్పుచున్నది. రాజు పిలిచిన బోనివాడు తన యింటికి వచ్చినవారికి విద్య నొసగెను. తత్ఫలముగా నుమయాళ్‌పురము, తిల్లస్థానము, వాలాజాపేట యను మూడు శిష్యపరంపర లేర్పడెను. వాలాజాపేట వేంకటరమణ భాగవతాదులు వ్రాసియుంచిన ప్రతులు మధురలోని సౌరాష్ట్రసభయందు భద్రపఱుపబడినవి. రాజశాసనములు దెలుపని విషయములను శిష్యుల వ్రాతప్రతులు తెలుపుచున్నవి. గోష్ఠి యనునది కేవలము వినోదము కాదనియు, చరిత్రకు నాధారమనియు దీనివలన గ్రహింపనగును.

తెలుగు కీర్తనలు తమిళదేశమున వర్ధిల్లి, మరల దెలుగునేలకు వచ్చిన మార్గము మిక్కిలి గమనింపదగినది. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. మహావైద్యనాథయ్యరు, పట్నము సుబ్రహ్మణ్యయ్యరు ప్రభృతులు వీరి శిష్యులు. కృష్ణామండలమందలి పెదకళ్లేపల్లి వాస్తవ్యులగు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు దక్షిణదేశమునకు బోయి వీరిని సేవించి విద్య గడించి స్వదేశమునకు మరలిరి. శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు. విజయవాడలో బంతులుగారి గృహమే గురుకులము. శిష్యు లచ్చటనే వసించి విద్య నభ్యసించుచుండిరి. పంతులుగా రేటేట సద్గురువుల యారాధనోత్సవము జరుపుచుండిరి. అందు గాయకుడే నిర్వాహకుడు, గాయకుడే యాహ్వానించువాడు.

1930వ సంవత్సరమున శంకరగుప్తమున జన్మించి, శైశవముననే తల్లిని గోల్పోయిన మంగళంపల్లి మురళీకృష్ణ పంతులుగారి శిష్యుడై, తన యెనిమిదవ యేట నట్టి యారాధనోత్సవముననే కచేరి చేసెను. దానిని విని హరికథకులగు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు బాలుని నామమునకు 'బాల' శబ్దమును జేర్చిరి. ఆస్థానబిరుద మెంతటి ఘనమైనదైనను దాని కొక ప్రభువు గావలయును. సాటి కళావేత్త సభామధ్యమున వాత్సల్యముతో నొసగిన యీ రెండక్షరములే యాజీవనము నిలిచి, 2016లో నస్తమించిన యా మహాగాయకుని బాలమురళీకృష్ణునిగా లోకమునకు దెలిపినవి.

సంగీతమునకు సంభాషణమును గూర్చుటలో హరికథకు సాటి లేదు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) పాట, మాట, నాట్యము నొక్కనియందే సమకూర్చి, రాత్రులతరబడి జనులను గూర్చుండబెట్టిరి. కథకుడు కథ నాపి చమత్కరించును; లోకవృత్తమును విమర్శించును; సభికుని వైపు దిరిగి పలుకరించును; మరల రాగమునకు వచ్చును. పండితుడును బామరుడు నొక్క పందిరిక్రింద గూర్చుండుట కిది హేతువయ్యెను.

ప్రభువుల పోషణము వ్యర్థమని యిందువలన జెప్పరాదు. 1919లో విజయనగరమున సంగీతపాఠశాలను స్థాపించినవారు పూసపాటి ప్రభువులే. దాని ప్రథమాధ్యక్షులు నారాయణదాసుగారే. వారి పిమ్మట దానిని నడపినవారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. కాని 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దయినప్పుడు సంగీతము నశింపలేదు. గురుగృహములందు బెరిగిన విద్య గురుగృహములందే నిలిచియుండెను.

గోష్ఠియందు లోపములు లేవనియు జెప్పరాదు. బెంగుళూరు నాగరత్నమ్మగారు తన ధనము వెచ్చించి త్యాగరాజసమాధిపై మందిరము కట్టించి 1925లో బ్రతిష్ఠ చేయించిరి. అయినను నా కాలమున పురుషులు నడపు నారాధనమున స్త్రీలకు బాడు నధికారము లేకుండెను. ఆమె స్త్రీలకు వేఱుగ నారాధనము నడపి, ఆ హక్కును క్రమముగా సాధించిరి. ఆతిథ్యమిచ్చు గృహమునకును ద్వారబంధము లుండుననియు, వానిని దెఱచుట కొకరు నిలువవలసివచ్చుననియు నీ చరిత్రము బోధించుచున్నది.

1948 డిసెంబరులో విజయవాడ యందు ఆకాశవాణి కేంద్రము వెలసెను. గానము గడపగడపకు బోయెను. అది గొప్ప లాభము. అయితే శ్రోత 'ఈ సంగతి మరల పాడుడు' అని కోరుటకును, 'ఈ పదమునకు భావమేమి' యని యడుగుటకును యంత్రమునం దవకాశము లేదు. ఆ లోటును దీర్చునది గాయకుని ముంగిటి గోష్ఠి యొక్కటియే.

కావున తిరువూరు వంటి సరిహద్దు సీమలయందు భజనకూటముల కీర్తనపుస్తకములను, హరికథకుల వ్రాతప్రతులను, వృద్ధుల నోటనున్న వరుసలను సేకరించుట తాళపత్రసేకరణమువలెనే విద్వత్కార్యము. పాఠశాలా పండితు లిందుకు మిక్కిలి సమర్థులు. ఆ పుస్తకములున్న యిండ్లు వారి విద్యార్థుల యిండ్లే. శాసనము శిలపై నిలుచును. పాట కట్టి యాశ్రయము లేదు. దానిని గుర్తుంచుకొన్నవాడు పోయిన దినముననే యదియు బోవును.