రేటు తగ్గినంక చూద్దాం

దసరా దగ్గరికొస్తే మా చంద్రపూర్ గని కాలనీల్లో రెండు మాటలే వినిపిస్తాయి. బోనస్ ఎంత, ఏ సామాను మీద ఎంత తగ్గింది. పర్మినెంట్ వాళ్లకు బోనస్ వస్తుంది. మా బాపు ఠేకేదారు కింద పని చేస్తాడు, మాకు రాదు. అందుకే నేను గేమ్ కన్సోల్ అడిగినప్పుడల్లా ఆయన "రేటు తగ్గినంక చూద్దాం బిడ్డా" అంటాడు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవాలని పాత ధరల చరిత్ర చూశాను.

చాలా కాలం అది నిజమే. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చింది. 2002లో 199, 2004లో 149, 2009లో 99 డాలర్లు అయింది. లోపలి చిప్‌ల తయారీ ఏటేటా చవకవుతుంటే సోనీ కంపెనీ ధర దించుతూ పోయింది. అంతకుముందు కొనలేనివాళ్లు అప్పుడు కొన్నారు. మొత్తం 15 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌లో తయారైన 'హనుమాన్: బాయ్ వారియర్' గేమ్ ఈ కన్సోల్ కోసమే 2009లో వచ్చింది. అప్పటికి ప్లేస్టేషన్ 3 కూడా వచ్చేసింది! పాతది చవగ్గా దొరుకుతుంది కాబట్టే దానికి గేమ్ చేసి ఉంటారని నా అభిప్రాయం.

అయితే ధర తగ్గితే చాలు అనుకోవద్దు. సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్‌ను 1999లో 199 డాలర్లకు తెచ్చి, 149కి, తర్వాత 99కి దించింది. అయినా 2001 మార్చి తర్వాత తయారీ ఆపేసింది. ఆగిపోయే సామాను చవకైనా ఎవరు కొంటారు?

నింటెండో 3డీఎస్ కథ వేరు. 2011లో అమెరికాలో 250 డాలర్లకు వచ్చి, సరిగ్గా అమ్ముడుపోక, ఐదు నెలలు నిండకముందే 170కి దిగింది. ముందే కొన్నవాళ్లకు ఎంత మండి ఉంటుంది! వాళ్లకు 20 గేములు ఉచితంగా ఇచ్చారు. కంపెనీ పెద్ద సతోరు ఇవాటా తన జీతం సగం తగ్గించుకున్నాడు. మనకు దసరా, దీపావళి ఎలాగో అక్కడ క్రిస్మస్ అలాగ. ఆ క్రిస్మస్ లోపు రెండు కొత్త మారియో గేములు కూడా వచ్చాయి. అప్పుడు అమ్మకాలు లేచాయి. చివరికి 7 కోట్లు దాటాయి.

ఇక బాపు మాట తప్పింది ప్లేస్టేషన్ 5 దగ్గర. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో డిస్క్ మోడల్ ధర 49,990 రూపాయలు. తగ్గాల్సింది పోయి 2022 నవంబర్‌లో 54,990 అయింది. అంటే పండుగకు 5,000 తగ్గింపు అని బోర్డు పెడితే మళ్లీ మొదటి ధరకే వచ్చినట్టు. ఈ లెక్క బాపుకు కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు చూసి, "మరి అప్పుడే కొనాల్సిందా?" అన్నాడు. అప్పుడు మాత్రం డబ్బులు ఎక్కడివి అని అమ్మ వంటింట్లోంచి అంది.