కరెన్ లియోనార్డ్

కరెన్ ఐజాక్సెన్ లియోనార్డ్ అమెరికన్ చరిత్రకారిణి, మానవశాస్త్రవేత్త. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో ఆచార్యురాలిగా పనిచేశారు. నిజాం కొలువులో ఎదిగిన కాయస్థ కులస్థులపై 1978లో వచ్చిన గ్రంథంతో ఆమెకు హైదరాబాద్‌తో అనుబంధం స్థిరపడింది. 1992లో కాలిఫోర్నియాలో మెక్సికన్ స్త్రీలను పెళ్లాడిన పంజాబీ రైతుల కుటుంబాలను, 2003లో అమెరికా ముస్లింలపై జరిగిన పరిశోధనలను గ్రంథస్థం చేశారు.

తెలుగువారికి ముఖ్యమైనది 2007 నాటి 'లొకేటింగ్ హోమ్' పుస్తకం. పాకిస్తాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా, గల్ఫ్ దేశాలకు చేరిన హైదరాబాదీలు తమ ఊరిని ఎలా తలచుకుంటారో, ఎక్కడెక్కడ ఎలా కలిసిపోయారో ఇందులో పరిశీలించారు. 'హైదరాబాదీ' అన్న గుర్తింపును మతానికి కుదించకపోవడమే దీని బలం. వలస వెళ్లినవారిలో ముస్లింలతోపాటు హిందువులు, పార్సీలు, ఆంగ్లో ఇండియన్లు కూడా ఉన్నారు.