మాంత్రిక వాస్తవికత: పరాయి ఏలుబడిలో తెలుగు కుటుంబ గాథల చరిత్ర

మాంత్రిక వాస్తవికత అనేది ఒక కథన పద్ధతి. ఊరూ పేరూ ఉన్న మామూలు బతుకులో అద్భుతాన్ని ప్రవేశపెట్టి, అది రోజూ జరిగే పనే అన్నట్టు చెప్పడం దీని లక్షణం. తెలుగు పత్రికల వాడుకలో మ్యాజిక్ రియలిజం అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. లోకంలో ఈ పద్ధతికి పేరు తెచ్చిన నవలలు చాలావరకు పరాయి పాలనను చవిచూసిన దేశాల నుంచి వచ్చాయి, ఒక వంశం రెండు మూడు తరాల కథను చెప్పాయి. తెలుగులో ఇందుకు దగ్గరగా వచ్చినవాటిలో అన్నిటికంటే పెద్ద రచన విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’. దాని నేపథ్యం బ్రిటిష్ పాలనలోని కృష్ణా మండలం.

ఈ చరిత్రను వేంసూరు వైపు నుంచి చూడటానికి కారణం ఉంది. ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున ఉన్న ఈ మండలం 1948 దాకా నిజాం రాజ్యంలోది. పక్కనే ఉన్న తిరువూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాది. ఇటు ఈశాన్యంగా సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి వెళ్తే భద్రాచలం అడవులు. గోదావరి ఎడమ గట్టునున్న భద్రాచలం తాలూకాను నిజాం 1860లో బ్రిటిష్‌వారికి ఇచ్చాడు. కొన్నాళ్ళు మధ్య పరగణాల కింద ఉండి, 1874లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. ఏటికి ఒక గట్టున నిజాం అమీనూ రెండో గట్టున దొరల తాసీల్దారూ శిస్తు అడిగిన సీమ ఇది. ఇక్కడి అద్భుత గాథలు శిస్తు దగ్గరే పుట్టడం గమనించదగ్గ విషయం.

మౌఖిక మూలాలు

మేడారం గాథలో సమ్మక్క పసిబిడ్డగా పులుల నడుమ కోయదొరలకు దొరుకుతుంది. ఆమె భర్త పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. కరువు వచ్చి కప్పం కట్టలేకపోతే ప్రతాపరుద్రుడి సైన్యం మీదికి వస్తుంది. పగిడిద్దరాజు, కూతుళ్ళు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో పడిపోతారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకితే అది జంపన్న వాగు అవుతుంది. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమవుతుంది, వెతికినవారికి కుంకుమ భరిణ కనిపిస్తుంది. ఒక కుటుంబం, ఒక పన్ను, ఆ పన్నుకు బలైన ఇంటివాళ్ళంతా దేవుళ్ళు కావడం: నవలకు కావలసిన సామగ్రి అంతా ఈ కథలో ఉంది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే జాతరలో కోయలు ఇప్పటికీ ఆ తల్లులను గద్దెలకు తెస్తారు.

రెండో గాథ భద్రాచలానిది. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దిలో గోల్కొండ సుల్తాను తానీషా కింద పాల్వంచ పరగణా తహశీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో రాములవారికి గుడి కట్టించి చెరసాల పాలయ్యాడు. ఆయన మేనమామలు అక్కన్న, మాదన్నలు అదే కొలువులో ఉండి కూడా విడిపించలేకపోయారు. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో బంట్రోతుల వేషంలో రాత్రివేళ వచ్చి, ఆరు లక్షల వరహాలు చెల్లించి, తానీషా దగ్గర రసీదు పుచ్చుకున్నారని భక్తుల కథ. దేవుడు బాకీ తీర్చడం ఒక ఎత్తు, రసీదు అడగడం ఇంకో ఎత్తు. అద్భుతం సర్కారు లెక్కల పద్ధతిని ఇంత నిష్ఠగా పాటించిన కథ భారతీయ భక్తి సాహిత్యంలో అరుదు. మాంత్రిక వాస్తవికతకు విమర్శకులు చెప్పే ప్రధాన లక్షణం, అంటే అసాధ్యమైనదాన్ని కాగితం మీది వివరంతో సహా చెప్పడం, ఇక్కడ సంపూర్ణంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత రెండు శతాబ్దాల్లో కాలజ్ఞాన తత్త్వాలు, బుర్రకథలు, ఒగ్గుకథలు ఈ ధోరణిని నిలబెట్టాయి.

తొలి నవలలు

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ (1878) ఒక బ్రాహ్మణ కుటుంబం పతనోత్థానాల కథ. అందులో సోది, బైరాగులు, దయ్యాలు అన్నీ మోసాలుగా తేలిపోతాయి. ఆంగ్ల విద్య నేర్పిన హేతుదృష్టి తెలుగు నవలకు ఇచ్చిన మొదటి శిక్షణ ఇదే. ఆయనే తర్వాత ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’లో ఆడవాళ్ళు ఏలే దేశాన్ని కల్పించాడు. కాని అది గలివర్ యాత్రల బాటలో నడిచిన వ్యంగ్యం. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో రాసిన ‘మాలపల్లి’ 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రామదాసు అనే దళిత రైతు కుటుంబం ఛిన్నాభిన్నమవడం దాని కథ. చుట్టూ ఉన్నదంతా కూలీ గింజలు, కోర్టులు, సెటిల్‌మెంటు జైళ్ళు. రామదాసు మాత్రం యోగం, తత్త్వం వైపు సాగిపోతాడు. రెండు పొరలూ ఒకదానిలో ఒకటి పూర్తిగా కలవలేదు.

‘వేయిపడగలు’

విశ్వనాథ సత్యనారాయణ (1895–1976) కృష్ణా జిల్లా నందమూరులో పుట్టాడు. బందరులో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి శిష్యుడు. తండ్రి శోభనాద్రి దానధర్మాలతో ఆస్తి కరిగించినవాడు. ఆ ఇంటి చరిత్ర నవలలోకి నేరుగా వచ్చింది. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ కోసం విశ్వనాథ ఈ పెద్ద గ్రంథాన్ని 29 రోజుల్లో ఆశువుగా చెప్పగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాశాడని ప్రసిద్ధి. 1934లో బహుమతిని ఈ నవలకూ అడివి బాపిరాజు ‘నారాయణరావు’కూ కలిపి పంచారు. ఒకే పోటీలో నెగ్గిన ఈ రెండూ బ్రిటిష్ ఏలుబడిలోని కుటుంబ కథలే. బాపిరాజుది సుకుమారమైన వాస్తవిక నవల. విశ్వనాథది మరో తరహా సృష్టి.

కథాస్థలం సుబ్బన్నపేట అన్న కల్పిత గ్రామం. పుట్టలో పాము రూపాన ఉన్న సుబ్రహ్మణ్యేశ్వరుడు వెలసి ఊరు కట్టించుకుంటాడు. వేయి పడగల సర్పం ఊరి ధర్మానికి కాపలా. జమీందారీ వంశంలో కృష్ణమనాయుడు, రంగారావు, హరప్పనాయుడు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. తరాలు గడిచేకొద్దీ ఇంగ్లీషు చదువు, ఇంగ్లీషు మోజు కోటలోకి చొరబడతాయి. దివాను వంశానికి చెందిన రామేశ్వరశాస్త్రి నాలుగు వర్ణాల స్త్రీలను పెళ్ళాడి, ఉన్నదంతా దానం చేసి పోతాడు. ఆయన కొడుకు ధర్మారావుకు దక్కినది పాండిత్యమూ పేదరికమూ. ఊళ్ళో వ్యవస్థలు ఒక్కొక్కటే కూలుతుంటే సర్పం పడగలు ఒక్కొక్కటే రాలిపోతాయి. చివరకు మిగిలేవి రెండే. అవి దాంపత్యానికి గుర్తు.

ఇందులోని అద్భుతాలు పురాణంలోవి కావు, కథలో జరిగే సంఘటనలు. గణాచారి పూనకంలో ఊరి భవిష్యత్తు చెబుతుంది, ఎవరూ ఆశ్చర్యపోరు. పసిరిక అనే పిల్లవాడు పాము పోలికలతో పుట్టి పొలాల్లో తిరుగుతాడు. ఊరివాళ్ళకు వాడు తమ పిల్లల్లో ఒకడు. దేవదాసి గిరిక వేణుగోపాలస్వామినే భర్తగా ఎంచి ఆయనలో కలిసిపోతుంది. ఇవి జరుగుతున్న ఊళ్ళోనే మునిసిపాలిటీ రాజకీయాలూ ఉద్యోగాల వేటా అప్పుల కాగితాలూ నడుస్తాయి. రెండిటికీ రచయిత ఒకే గొంతు వాడాడు. ఈ గొంతే నవలకు ప్రాణం. తెలుగు వచనంలో అంత విస్తృతిని, అంత నమ్మకాన్ని మరొకరు మోయలేదు.

కాలక్రమం ఇక్కడ ముఖ్యం. ఫ్రాంజ్ రో అనే జర్మన్ విమర్శకుడు 1925లో చిత్రకళ గురించి మాంత్రిక వాస్తవికత అన్న పేరు వాడాడు. క్యూబా రచయిత అలెహో కార్పెంటియర్ హైతీ బానిసల తిరుగుబాటు మీద రాసిన నవలకు అద్భుత వాస్తవం గురించి ముందుమాట రాసింది 1949లో. గార్సియా మార్కెస్ ‘నూరేళ్ళ ఏకాంతం’ 1967లో, సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ 1981లో వచ్చాయి. అంటే సుబ్బన్నపేట కథ మార్కెస్ నవలలోని మకోందో ఊరి కథ కంటే మూడు దశాబ్దాలు ముందే వచ్చింది. వంశం, ఊరు, బయటినుంచి వచ్చిన అధికారం, ఊరి పతనం అన్న చట్రం రెండిటిలోనూ ఒకటే. మార్కెస్ నవలలో అరటి కంపెనీ చేసే పనిని విశ్వనాథ నవలలో ఇంగ్లీషు బడి చేస్తుంది.

విమర్శలు తీవ్రంగానే వచ్చాయి. వర్ణవ్యవస్థను సమర్థించే నవల అని అభ్యుదయవాదులు తప్పుపట్టారు. ఆ మాటలో న్యాయం ఉంది. సుబ్బన్నపేటలో మాలపల్లికి వేయి పడగల నీడ ఎంత అందిందని నవల అడగదు. అయినా పరాయి పాలన ఇళ్ళలో ఏం చేసిందో, మనుషుల మనసుల్లో ఏ గూళ్ళు ఖాళీ చేసిందో ఇంత లోతుగా చూపిన తెలుగు గ్రంథం లేదు. నిజాం రాజ్యంలో పుట్టిన పి.వి. నరసింహారావు దీన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు.

ఇదే రచయిత ‘హాహాహూహూ’లో కథను తిరగేశాడు. గుర్రం తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. ఆంగ్లేయులు అతన్ని బోనులో పెట్టి పరిశోధిస్తారు. మనల్ని చూసి గ్రంథాలు రాసిన పాలకులు తమకు అర్థంకాని ప్రాణి ముందు నిలబడి తెల్లబోవడం అందులోని రసం. ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’లో పంచతంత్రకర్త కలలో దిగివచ్చి ఇంగ్లీషు నేర్చుకోబోతాడు. ఈ రెండిటినీ వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషులోకి తెచ్చారు.

మన్యం, నిజాం సీమ

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు చేసిన అల్లూరి సీతారామరాజును తుపాకి గుండ్లు తాకవని మన్యం జనం నమ్మారు. అంతకు ముందు 1879 రంప తిరుగుబాటు భద్రాచలం ఏజెన్సీ దాకా పాకింది. రెండిటి వెనకా అటవీ చట్టాలు, పన్నులు, వెట్టి ఉన్నాయి. హైతీలో 1758లో మంటల్లో కాల్చిన బానిసల నాయకుడు మకండాల్ రూపం మార్చుకుని ఎగిరిపోయాడని బానిసలు నమ్మిన సంగతిని కార్పెంటియర్ నవలగా మలిచాడు. మన్యం నమ్మకాలు తెలుగులో పాటలుగా, సినిమాగా వచ్చాయి.

నిజాం ప్రాంతపు నవల వాస్తవికతనే ఎంచుకుంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ (1969) గడీల దౌర్జన్యాన్ని, వెట్టిని, దాసీలైన ఆడబాపల బతుకును సాక్ష్యంగా నమోదు చేశాయి. తెలంగాణ సాయుధ పోరాటం చూసిన తరానికి సాక్ష్యం చెప్పడమే మొదటి పని. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ కూడా ఆ దారిలోదే.

ఇటీవలి రచయితలు

చిత్తూరు జిల్లా తలపులపల్లిలో పుట్టి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) అద్భుతాన్ని జమీందారు కోట నుంచి గుడిసెకు తెచ్చాడు. ‘చివరి గుడిసె’ యానాదుల బతుకు మీది నవల. యానాదుల వంటి కులాలను బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చి, పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. ‘మూగవాని పిల్లనగ్రోవి’లో ఒంటిల్లు గ్రామపు రైతు బక్కిరెడ్డి భూమి పోగొట్టుకుంటాడు. అప్పు, వేలం, పొలం వివరాలతో మొదలైన కథ జానపద గాథ స్థాయికి చేరుతుంది. వేయి పడగల నీడ దక్కనివారికి కూడా ఊరి దేవతలు, పశువులు, నేల సాక్షులుగా నిలుస్తాయని చూపడం కేశవరెడ్డి సాధించిన పని. విశ్వనాథకు ఇది సరైన జవాబు.

మునిపల్లె రాజు (1925–2018) కథల్లో ఈ ధోరణిని తెలిసి పాటించినవారు. ‘అస్తిత్వనదం ఆవలి తీరాన’ సంపుటికి 2006లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వి. చంద్రశేఖరరావు (1959–2017) ‘జీవని’, ‘లెనిన్ ప్లేస్’, ‘మాయాలాంతరు’ కథాసంపుటాల్లో, ‘ఐదు హంసలు’, ‘ఆకుపచ్చని దేశం’, ‘నల్లమిరియం చెట్టు’ నవలల్లో దళిత, అడవి జీవితాలను కలల భాషలో చెప్పాడు. తెలుగులో ఈ ప్రక్రియ పేరు వినగానే విమర్శకులు ముందుగా తలచేది ఆయన్నే.

ఈ పుస్తకాలకు కొత్తయిన పాఠకులు ‘హాహాహూహూ’తో మొదలుపెట్టి ‘మూగవాని పిల్లనగ్రోవి’ చదివి, ఆ తర్వాత ‘వేయిపడగలు’ చేతపట్టడం మంచిది. పెద్ద నవలలోని నమ్మకాలతో పోట్లాడే బలం అప్పటికి వస్తుంది.