ముద్దనూరు స్టేషన్ బోర్డు మీది సమందర్

మా సింహాద్రిపురం వాళ్లకు రైలు ఎక్కాలంటే ముద్దనూరే దిక్కు. చిన్నప్పుడు నానాతో అక్కడ రైలు కోసం కూర్చున్నప్పుడు పసుపు బోర్డు కింద రాసినది చదివాను. సముద్ర మట్టం నుంచి ఇన్ని మీటర్ల ఎత్తు అని. నానా నవ్వి, "అరే బేటా, లేస్తా పడతా ఉండే సమందర్‌కు మట్టమేంది? ఏ సమందర్, ఎప్పటిది?" అన్నాడు. ఆ సవాల్‌కు జవాబు దొరకడానికి నాకు చానా ఏండ్లు పట్టింది.

ఈ తారీఖ్ మన ఇలాఖాకు దూరంది కాదు. 1802లో లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన భూమి కొలత దాదాపు 78వ రేఖాంశం వెంబడి ఉత్తరానికి సాగింది. సింహాద్రిపురం ఉన్నది కూడా ఆ రేఖాంశం దగ్గరే. 1811లో గుత్తి దగ్గర ఒక ఆధార రేఖను కొలిచారు. ఇట్లాంటి కొలతకు ప్రాణం థియోడలైట్. ఆ ఔజార్ చక్రం మీది గీతల్లో వెంట్రుకంత తేడా వచ్చినా మైళ్ల హిసాబ్ తప్పిపోతుంది.

ఆ ఔజార్లను చక్కదిద్దిన ఉస్తాద్ ఆర్కాట్‌కు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. గడియారాలు, నగల పనిలో చేయి తిరిగిన కారీగర్. సర్వేయర్ జనరల్ బ్లాకర్ ఆయన హునర్ చూసి కలకత్తాకు తీసుకుపోయాడు. తర్వాత ఎవరెస్ట్ దొర ఆయన్నే సర్వే పరికరాల నిర్మాతగా నిలబెట్టాడు. ఎవరెస్ట్ పేరు పర్వతానికి పెట్టారు. మొహ్సిన్ హుసేన్ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఎత్తు కొలవాలంటే ముందు సున్నా ఎక్కడో తేలాలి. అందుకు రేవుల్లో టైడ్ గేజ్‌లు పెట్టారు. సముద్రానికి కలిసిన ఒక బావి, అందులో తేలే ఒక బెండు, దానికి కట్టిన పెన్ను, గడియారంతో తిరిగే కాగితపు డ్రమ్ము. అలల అదురు బావిలోకి రాదు. ఆటుపోట్లు మాత్రం రాత్రింబవళ్లు కాగితం మీద గీతగా పడతాయి. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దది. సమందర్‌కూ చాంద్‌కూ ఉన్న ఈ రిష్తా గురించి వెయ్యేండ్ల కిందట అల్‌బెరూనీ కూడా హింద్ మీద రాసిన తన కితాబ్‌లో చర్చించాడు. చంద్రుడి మార్గం ఒరిగే చక్కర్ పూర్తి కావడానికి 18.6 సంవత్సరాలు పడుతుంది. అన్నేండ్ల గీతల సగటు తీస్తేనే మట్టం నమ్మదగ్గదవుతుంది. నానా సవాల్‌కు సగం జవాబు ఇదే.

మిగతా సగం దిల్‌కు తగిలేది. 1909 నాటికి తేల్చిన మన సున్నా ఒక్క రేవుది కాదు, తొమ్మిదింటిది. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఫాల్స్ పాయింట్. 1947లో ముల్క్ తక్సీమ్ అయింది. ఊర్లు, ఖాందాన్లు పంచుకుపోయాయి. కానీ ఆ పాత సున్నాలోంచి కరాచీ నీళ్లను ఎవరూ తీసేయలేదు. తొమ్మిది చోట్లా మట్టం ఒకటే అనుకోవడం గలతీ అని ఇల్మ్ తర్వాత తేల్చింది. గాలులు, ప్రవాహాలు, నీటి ఉప్పదనం, వేడి వల్ల రేవు రేవుకూ తేడా ఉంటుంది.

ఈ లెక్కలన్నీ ఒక్కచోట దాచే దఫ్తర్ 1933లో లివర్‌పూల్‌లో మొదలైంది. 1985లో యునెస్కో సముద్ర కమిషన్ నీడలో గ్లాస్ అనే ప్రపంచ జాలం వచ్చింది. దుష్మనీ ఉన్న దేశాలు కూడా అంకెలు పంపుతాయి. పాత కాగితాల ఖీమత్ ఎంతో ఒక మిసాల్ చెప్తాను. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చి సునామీ లేచింది. బంగాళాఖాతం చుట్టూ ఉన్న గేజ్‌లు దాన్ని రాసిపెట్టాయి. 122 ఏండ్ల తర్వాత, 2003లో, ఓర్టిజ్, బిల్హమ్ అనే ఇద్దరు ఆ గీతలతోనే భూకంపం ఎక్కడ, ఎంత పెద్దదో లెక్కగట్టారు. మరుసటి సంవత్సరమే 2004 డిసెంబర్ 26 ఖయామత్‌లాగా వచ్చింది. ఆ తర్వాత, 2007 అక్టోబర్‌లో, మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. 2011 నుంచి ఇండియా, ఆస్ట్రేలియా, ఇండోనేషియా కలిసి హిందూ మహాసముద్ర దేశాలకు ఈ ఖిద్మత్ చేస్తున్నాయి.

మరి సమందర్ పెరుగుతున్నదా? 2007లో ఉన్నికృష్ణన్, శంకర్ అనే మన శాస్త్రవేత్తలు ఉత్తర హిందూ మహాసముద్రం పాత గేజ్‌ల లెక్క తీశారు. అందులో కరాచీ, విశాఖ పక్కపక్కనే నిలబడ్డాయి. సగటున సంవత్సరానికి 1.29 మిల్లీమీటర్ల పెరుగుదల తేలింది. 1990ల నుంచి ఉపగ్రహాలు చూపే ప్రపంచ సగటు 3 మిల్లీమీటర్ల పైనే. ఫ్రాన్స్‌తో కలిసి చేసిన సరళ్ అనే ఉపగ్రహం 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచే లేచింది. ఆకాశం నుంచి వచ్చే అంకెను సరిచూడటానికి ఇప్పటికీ రేవులోని గేజే గవాహ్.

వాన కోసం మొగులు చూసే మనకు ఇదంతా ఎందుకు అనొద్దు. కడప జిల్లా బిడ్డలు ఎందరో కువైట్‌లో, దుబాయ్‌లో సముద్రం ఒడ్డునే రోజీ వెతుక్కుంటున్నారు. గేజ్ దగ్గర గడియారానికి కీ ఇచ్చి, కాగితం మార్చిన నౌకర్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లు ఒక రోజు కాగితం మార్చకపోతే ఆ రోజు గీత ఇంక ఎప్పటికీ దొరకదు. అందుకే ఆ కాగితాలు వాళ్లు మనకు అప్పజెప్పిన అమానత్.

ఈసారి ముద్దనూరులో రైలు లేటైతే, పిల్లలకు ఆ బోర్డు చూపించండి. ఆ అంకె వెనక తొమ్మిది రేవుల నీళ్లు ఉన్నాయని, వాటిలో కరాచీ కూడా ఉందని చెప్పండి. మొహ్సిన్ హుసేన్ పేరు కూడా చెప్పండి.