అడవి మూషికాల్లో పరాన్నజీవులు: అధ్యయన చరిత్ర

పొలాల్లో, అడవుల్లో, ఊరి మురుగుకాల్వల్లో స్వేచ్ఛగా తిరిగే ఎలుకలు, చుంచెలుకలు, వోల్‌లు, జెర్బిల్‌ల వంటి మూషికాలను ఆశ్రయించి బతికే ఏకకణజీవులు, పేగుపురుగులు, ఫ్లీలు, పిడుదులు ఈ అధ్యయనానికి విషయం. బోనులో పడిన ఎలుకను కోసి చూస్తే ఏ పరాన్నజీవీ లేకపోవడమే అరుదు. కాబట్టి వాటిని చూడడం తొందరగానే జరిగిపోయింది. అవి ఒక ఎలుకను కాక మొత్తం ఎలుకల సంతతినే ఏం చేస్తాయో తేల్చడానికి మాత్రం దాదాపు నూరేళ్లు పట్టింది.

కలకత్తా ఎలుక

తిమోతీ రిచర్డ్స్ లూయిస్ వేల్స్‌లో పుట్టిన సైనిక వైద్యుడు. కలరాకు కారణం వెతకమని 1869లో ఆయన్ని, డి.డి. కన్నింగ్‌హామ్‌ని కలకత్తా పంపారు. కలరా సంగతి ఆయన చేతికి చిక్కలేదు గానీ, సూక్ష్మదర్శిని దగ్గర గడిపిన కాలం వృథా పోలేదు. 1872లో మనిషి రక్తంలో బోదకాలు పురుగు పిల్లల్ని చూశారు. 1878లో కలకత్తా ఎలుకల రక్తంలో ఈదుతున్న కొరడా జీవులను వర్ణించారు. వాటికే తర్వాత ఆయన పేరు మీద ట్రిపనోసోమా లూయిసి అన్న పేరు స్థిరపడింది. ట్రిపనోసోమా అన్న మాట అంతకుముందే ఉంది. కప్ప రక్తంలో ఇలాంటి జీవినే చూసి 1843లో గ్రూబీ పెట్టిన పేరది.

అప్పుడే తీసిన ఎలుక రక్తపు చుక్కను గాజుపలక మీద వేసి చూస్తే, మొదట ఈ జీవి కంటబడదు. ఉన్నట్టుండి ఎర్రకణాలు అటూ ఇటూ తొలగుతాయి, తిరనాళ్లలో ఎవరో జనాన్ని తోసుకుంటూ పోతున్నట్టు. అక్కడే కాసేపు చూపు నిలిపితే సన్నటి ఒళ్లు, దాని అంచున అలలు అలలుగా ఆడే పలచటి పొర, కొసన కొరడా కనిపిస్తాయి. పొడవు ఎర్రకణానికి మూడు నాలుగు రెట్లుంటుంది. ఇన్ని లక్షల జీవులు రక్తంలో ఈదుతున్నా ఎలుక మాత్రం మామూలుగానే తిని తిరుగుతుంది.

1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ గుర్రాలను, ఒంటెలను చంపుతున్న సుర్రా జబ్బుకు ఇదే కోవకు చెందిన జీవి కారణమని చూపారు. ఎలుకలో సాధువుగా ఉన్న జాతికి ఇంత క్రూరమైన చుట్టం ఉందని అలా తెలిసింది.

ట్రిపనోసోమా లూయిసి ఎలుక నుంచి ఎలుకకు ఎలా చేరుతుందన్న వివరాన్ని 1915లో మించిన్, థామ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పూర్తిగా విప్పారు. రెక్కల్లేకుండా గెంతే ఫ్లీ దీన్ని మోస్తుంది, కానీ కాటు ద్వారా ఎక్కించదు. దురద పుట్టి ఎలుక తన బొచ్చు నాక్కుంటుంది. ఆ నాకడంలో ఫ్లీనో దాని రెట్టనో మింగితే అంటుకుంటుంది. ఒంట్లో చేరాక కొద్ది రోజులు విపరీతంగా పెరిగి, ఒక్కసారిగా పెరుగుదల ఆగిపోతుంది. ఎలుక శరీరమే ఒక ప్రతిరక్షకాన్ని తయారుచేసి ఈ జీవి పునరుత్పత్తిని కట్టడి చేస్తోందని 1920లలో అమెరికా శాస్త్రవేత్త టాలియాఫెర్రో చూపి, దానికి అబ్లాస్టిన్ అని పేరు పెట్టారు. కొన్ని వారాల్లో ఎలుక రక్తం శుభ్రపడుతుంది. మళ్లీ ఆ జబ్బు సాధారణంగా రాదు.

ప్లేగు రోజులు ఈ రంగానికి మరో దారిలో ఉపయోగపడ్డాయి. 1898లో కరాచీలో సిమోండ్ అనే వైద్యుడు ప్లేగును మోసేది ఫ్లీయేనన్న అనుమానం ప్రకటించాక, ఎలుకను పట్టి ఒంటి మీది ఫ్లీలను లెక్కపెట్టడం ప్రభుత్వ వైద్యుల దినచర్య అయింది. సగటున ఎలుకకు ఎన్ని ఫ్లీలన్న సూచీ నేటికీ ప్లేగు నిఘాలో వాడుకలో ఉంది. ఆ కాలపు ఆంగ్ల నివేదికల్లో తరచూ కనపడే బ్యాండికూట్ అన్న మాట మన పందికొక్కే. తెలుగు నుంచి ఇంగ్లిషులోకి పోయిన ఆ పేరు అంతటితో ఆగక, ఎలుకలతో ఏ చుట్టరికమూ లేని ఆస్ట్రేలియా సంచిజంతువులకు కూడా తగులుకుంది.

క్రిస్మస్ దీవి

జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, 135 చదరపు కిలోమీటర్ల దీవి. ప్రపంచంలో మరెక్కడా లేని రెండు ఎలుక జాతులు అక్కడ ఉండేవి. వాటిలో మాక్లియర్ ఎలుక మరీ విస్తారం. 1897–98లో నెలల తరబడి దీవిలో ఉండి జంతుజాలాన్ని సేకరించిన బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త సి.డబ్ల్యు. ఆండ్రూస్‌కు, చీకటి పడితే చాలు, ఎక్కడ చూసినా ఈ ఎలుకలే.

ఫాస్ఫేట్ గనుల పనులు మొదలయ్యాక, 1899 ప్రాంతంలో, ఓడల మీద నల్ల ఎలుక దిగింది. 1902–03 నాటికి రాత్రి మాత్రమే తిరిగే దీవి ఎలుకలు పట్టపగలు కాలిబాటల మీద ఈడ్చుకుంటూ పోవడం జనం కంటబడింది. బెరిబెరి జబ్బు పరిశోధనకు వచ్చిన వైద్యుడు హెచ్.ఇ. డర్హామ్ ఎలుకల రక్తం చూశారు. ట్రిపనోసోమాలు కనిపించాయి. నల్ల ఎలుకతోపాటు దిగిన ఫ్లీలు ఈ జీవిని తెచ్చి ఉంటాయని, ముందెన్నడూ దాన్ని ఎరగని దీవి జాతి తట్టుకోలేకపోయిందని ఒక ఊహ పుట్టింది. ఆండ్రూస్ 1908లో తిరిగి వెళ్లి వెతికితే దీవి ఎలుక ఒక్కటీ దొరకలేదు.

కలకత్తాలో ఎలుకకు చీమ కుట్టినట్టయినా లేని జీవి ఇక్కడ ఒక జాతినే తుడిచిపెట్టగలదా? ఈ మాటను నమ్మినవాళ్లూ ఉన్నారు. నల్ల ఎలుకతో సంకరమై దీవి జాతి కలిసిపోయిందన్నవాళ్లూ ఉన్నారు. రుజువు చూపే దారి లేక ఆ వాదన నూరేళ్లు అలాగే ఉండిపోయింది.

మనిషి కోసం ఎలుక

ఆ తర్వాతి దశాబ్దాల్లో పరిశోధకులు అడవి మూషికాలను పట్టింది ఎక్కువగా మనిషి జబ్బుల కోసమే. 1908లో ట్యూనిస్‌లో నికోల్, మాన్సో ఉత్తరాఫ్రికా గుండీ అనే మూషికంలో టాక్సోప్లాస్మా అనే ఏకకణజీవిని చూశారు. గుండీ పేరును పొరపాటుగా రాయడంతో ఆ జీవి టాక్సోప్లాస్మా గోండీ అయింది. మన ఆదిలాబాదు గోండులకూ దానికీ ఏ సంబంధమూ లేదు. 1941లో తుర్క్‌మెనిస్తాన్ ఎడారిలో లతిషెవ్, క్రుకోవా తోలుపుండు లీష్మానియాకు పెద్ద జెర్బిల్ ఆశ్రయమని, దాని బొరియల్లో పెరిగే ఇసుక ఈగలు ఆ జీవిని మోస్తున్నాయని చూపారు.

మలేరియా కథ మరీ ఆలస్యం. సికింద్రాబాదులో 1897లో దోమ పొట్టలో మలేరియా జీవిని చూసిన రొనాల్డ్ రాస్, మరుసటి ఏడు కలకత్తాలో మిగతా దశలను పక్షుల మలేరియాతో పూర్తి చేశారు. ఎలుక మలేరియా దొరకడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1948లో బెల్జియన్ కాంగోలోని కటంగాలో విన్కె, లిప్స్ చెట్ల మీద తిరిగే ఒక అడవి ఎలుకలో ప్లాస్మోడియం బెర్గీని కనుగొన్నారు. అది ప్రయోగశాల చుంచెలుకలోనూ బతకడంతో కొత్త మలేరియా మందులను పరీక్షించడం సులువైంది. అయితే ఆ అడవి ఎలుకకు దానివల్ల ఏమవుతోందో అడిగినవారు తక్కువ.

బాగ్లీ వుడ్ నుంచి కీల్డర్ దాకా

ఆ ప్రశ్న వేసినవారు జీవావరణ శాస్త్రవేత్త చార్ల్స్ ఎల్టన్. వోల్‌లు, చుంచెలుకలు కొన్నేళ్లు ఇబ్బడిముబ్బడిగా పెరిగి, హఠాత్తుగా ఎందుకు తరిగిపోతాయన్నది ఆయన పట్టుదల. 1925 నుంచి 1928 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గరి బాగ్లీ వుడ్ అనే అడవిలో సహచరులతో కలిసి చుంచెలుకలను పట్టి, వాటి ఆరోగ్యాన్నీ పరాన్నజీవులనూ వరసగా నమోదు చేశారు. 1931లో వెలువడిన ఆ వ్యాసం ఒక అడవి చుంచెలుక సంతతిని మొత్తంగా తీసుకుని చేసిన తొలి సమగ్ర పరిశీలనల్లో ఒకటి. తరుగుదలకు కారణం మాత్రం అందులో తేలలేదు. ఎల్టన్ ఆశించినంత సూటి జవాబు తర్వాతా ఎవరికీ దొరకలేదు.

అసలు చిక్కు పద్ధతిలో ఉంది. కోసిన ఎలుక ఒక్క రోజు సంగతే చెబుతుంది. ప్రాణంతో పట్టి, గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పడితే దాని జీవితమంతా తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లోనే చిట్టి, కెంప్సన్ రూపొందించి 1949లో ప్రకటించిన లాంగ్‌వర్త్ బోను ఇందుకు దారి వేసింది. అల్యూమినియం సొరంగం, వెనక చిన్న గది, అందులో గుప్పెడు ఎండుగడ్డి, కాసిని ఓట్స్ గింజలు. పొద్దున్నే వచ్చి తలుపు తీసి, ఎలుకను తూచి, చుక్క రక్తం తీసి వదిలేస్తారు. బోనులో మిగిలిన పెంటికలను చిక్కటి ఉప్పునీటిలో కలిపితే పురుగుల గుడ్లు పైకి తేలుతాయి. వాటిని లెక్కపెడితే ఎలుకను చంపకుండానే కడుపులోని పురుగుల భారం అంచనాకొస్తుంది. ఈ లెక్కల్లో ఎప్పుడూ ఒకే తీరు కనిపిస్తుంది: ఎక్కువ ఎలుకల్లో పురుగులు కొద్దిగా, కొద్ది ఎలుకల్లో పురుగులు కుప్పలుగా. ఈ తీరును ఆధారం చేసుకుని 1978లో ఆండర్సన్, మే పరాన్నజీవులు ఆతిథేయి సంతతి పెరుగుదలను అదుపు చేయగలవని గణితంతో చూపారు.

ఉత్తర ఇంగ్లండ్‌లోని కీల్డర్ అడవి వోల్‌లను పదేపదే పట్టి చూసిన టెల్ఫర్ బృందం 2010లో ఇంకో మెలిక చూపింది. బబీసియా, బార్టొనెల్లా, అనాప్లాస్మా అనే సూక్ష్మజీవులు, కౌపాక్స్ వైరస్ ఒకే ఒంట్లో ఉన్నప్పుడు ఒకటి మరొకదాన్ని రానిస్తోంది లేదా అడ్డుకుంటోంది. వయసు, రుతువుల ప్రభావం కంటే తోటి ఇన్ఫెక్షన్ల ప్రభావమే తరచూ పెద్దదని తేలింది. 2013లో నోల్స్ బృందం అడవి చుంచెలుకలకు ఐవర్‌మెక్టిన్ ఇచ్చి పేగుపురుగులను తగ్గిస్తే, అదే పేగులోని ఐమీరియా అనే ఏకకణజీవి భారం సుమారు 15 రెట్లు పెరిగింది. మందు ప్రభావం తీరాక పేగు మళ్లీ పాత స్థితికే వచ్చింది.

మ్యూజియం తోళ్లు

క్రిస్మస్ దీవి వాదనకు ఆధారం మ్యూజియం అరల్లోనే ఉంది. దీవిలో 1888 నుంచి 1908 దాకా సేకరించిన ఎలుకల నమూనాల నుంచి వయట్ బృందం పాత డీఎన్‌ఏను బయటికి తీసి 2008లో ఫలితాలు ప్రకటించింది. నల్ల ఎలుకల్లోనూ, అవి దిగిన తర్వాత పట్టిన దీవి ఎలుకల్లోనూ ట్రిపనోసోమా ఆనవాలు దొరికింది. నల్ల ఎలుక రాకముందు పట్టిన దీవి ఎలుకల్లో అది లేదు. సంకరం జరిగిన జాడ కూడా ఎక్కడా కనిపించలేదు. జబ్బు ఎప్పుడు వచ్చిందో ఆ తోళ్లు చెప్పాయి. ఆ జాతిని చంపింది అదేనని చెప్పడానికి బతికున్న మాక్లియర్ ఎలుక ఒక్కటైనా కావాలి.