హారర్ ట్రైలర్: అరుపు కంటే ముందున్న నిశ్శబ్దం

హారర్ ట్రైలర్ చేతిలో ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. పాత్రలను పరిచయం చేసి, వాళ్ల మీద ఇష్టం కలిగించే తీరిక దానికి ఉండదు. అందుకే చూసేవాళ్లకు ముందే తెలిసిన గుర్తులను వాడుకుంటుంది. ఊరికి దూరంగా పాత ఇల్లు, అందులో కొత్తగా దిగిన కుటుంబం, ఎవరూ తొయ్యకుండానే తెరుచుకునే తలుపు. ఇవి కనిపిస్తే చాలు, కథ సగం అర్థమైపోతుంది.

మిగతా పని శబ్దానిది. హఠాత్తుగా పెద్ద చప్పుడు వింటే కళ్లు మూతపడటం, భుజాలు బిగుసుకోవడం మన ప్రమేయం లేకుండానే జరిగిపోతాయి. జంప్ స్కేర్ అనేది ఈ ప్రతిచర్య మీదే ఆధారపడిన కిటుకు. అయితే చప్పుడు ఎంత పెద్దదన్నది ఒక్కటే లెక్క కాదు, దానికి ముందు ఎంత నిశ్శబ్దం ఉందన్నదీ ముఖ్యమే. నేపథ్య సంగీతం ఆగిపోగానే ఏదో జరగబోతోందని అలవాటైన ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. తెలిసినా ఉలిక్కిపడతాడు. ఎదురుచూపే సగం భయం.

జేమ్స్ వాన్ తీసిన 'ది కంజూరింగ్' (2013) ట్రైలర్ ఇందుకు మంచి ఉదాహరణ. పిల్లలు ఆడుకునే దాగుడుమూతల ఆటే దానికి ఆధారం. కళ్లకు గంతలు కట్టుకున్నవాళ్లు, దాక్కున్నవాళ్ల చప్పట్లను బట్టి వెతకాలి. తర్వాత చీకట్లో తల్లి అగ్గిపుల్ల గీస్తుంది. ఆమె వెనక నుంచి రెండు చేతులు వచ్చి చప్పట్లు కొడతాయి. నెత్తురు లేదు, దెయ్యం ముఖమూ లేదు.

అసలు ఉలికిపాటే అక్కర్లేదని నిరూపించినది స్టాన్లీ కూబ్రిక్ 'ది షైనింగ్' (1980) ట్రైలర్. హోటల్ లిఫ్టుల ముందు కదలని కెమెరా, తెర మీద పైకి పాకే పేర్లు, చివర్లో వరదలా పొంగే నెత్తురు. నటుల్లో ఒక్కరూ కనిపించరు. ఎన్నిసార్లు చూసినా పని చేసేది ఇలాంటిదే. జంప్ స్కేర్ రెండోసారికే పాతబడుతుంది.

'సైకో' (1960)కు హిచ్‌కాక్ మరో దారి పట్టాడు. తనే గైడులా సెట్‌లో తిరుగుతూ, హత్య జరిగిన చోటు ఇదీ అని తాపీగా చెబుతాడు. చివరికి బాత్రూమ్ తెర లాగగానే ఒక స్త్రీ అరుస్తుంది. ఆమె ఆ సన్నివేశంలో నటించిన జానెట్ లీ కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్!

ఈ చూపులన్నీ ప్రేక్షకుడు భయపడటానికి సిద్ధమై ఉంటేనే సరదా. 2018లో 'ది నన్' ప్రచారం ఆ గీత దాటింది. యూట్యూబ్ వీడియోలకు ముందు వచ్చిన చిన్న యాడ్‌లో వాల్యూమ్ తగ్గుతున్నట్టు గుర్తు కనిపించేది. ఫోన్ సౌండ్ పోయిందేమోనని చూసేలోపు నన్ ముఖం కేకతో మీదికి దూకేది. ఫిర్యాదుల తర్వాత, దిగ్భ్రాంతి కలిగించే దృశ్యాలపై తమ నిబంధనలకు విరుద్ధమంటూ యూట్యూబ్ దాన్ని తొలగించింది.

మన దేశంలో థియేటర్లో వేసే ట్రైలర్‌కు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. నేరుగా ఆన్‌లైన్‌లో వదిలే ట్రైలర్‌కు ఆ అవసరం లేదు. పెద్దలకు మాత్రమే అన్న సినిమాకు గేటు దగ్గర పిల్లలను ఆపవచ్చు. అదే సినిమా ట్రైలర్ మాత్రం, ఇంట్లో అమ్మ ఫోన్ పట్టుకున్న పిల్లాడికి ఏ గేటూ లేకుండానే కనిపిస్తుంది.